తప్పు చేస్తే చదువు తప్పదు

శ్రోతలకు నమస్కారం. అమెరికాలో ఫ్లోరిడాకి మూడు వైపులా నీళ్లే. సెలవు దొరికితే చాలు, జనం మోటారు పడవలేసుకుని బయల్దేరతారు. అక్కడి చట్టంలో నాకు బాగా నచ్చిన నిబంధన ఒకటుంది. పడవ నడుపుతూ నేరం చేసి దోషిగా తేలినవాళ్లు, చిన్న తప్పుతోనే అధికారులకు చెప్పాల్సినంత ప్రమాదం తెచ్చినవాళ్లు, 12 నెలల్లో రెండుసార్లు భద్రతా నియమాలు మీరినవాళ్లు జరిమానా కట్టేసి ఇంటికి పోతామంటే కుదరదు. సొంత ఖర్చుతో పడవ భద్రత కోర్సు చదవాలి, పాసవ్వాలి. పాసైన కాగితం ఇచ్చేదాకా పడవ నడపకూడదు. మామూలుగా ఈ చదువు 1988 జనవరి 1 నుంచి పుట్టినవాళ్లకే తప్పనిసరి. తప్పు చేస్తే మాత్రం ఎంత పెద్దాయనైనా కూర్చుని చదవాల్సిందే.

జరిమానా ఎందుకు చాలదు? ఒక్క ఉదాహరణ చెబుతాను. జెట్ స్కీ చూసే ఉంటారు, నీటి మీద బైకులా కూర్చుని నడిపేది. దానికి చుక్కాని ఉండదు. వెనక నుంచి చిమ్మే నీటి ధారే దాన్ని తోస్తుంది, ఆ ధారే దాన్ని తిప్పుతుంది. ఎదురుగా ఇంకొకరు వచ్చారనుకోండి. కొత్తవాడు ఏం చేస్తాడు? భయంతో యాక్సిలరేటర్ వదిలేసి హ్యాండిల్ పక్కకి తిప్పుతాడు. వదిలాడా, ధార పోయింది. ధార పోతే మలుపూ పోయింది. చాలా జెట్ స్కీలు అప్పుడు హ్యాండిల్ ఎంత తిప్పినా తిన్నగానే పోతాయి, నేరుగా ఎదుటివాళ్ల మీదికి. తిరగాలంటే ధార ఉండాలి. ధార ఉండాలంటే యాక్సిలరేటర్ కొంచెమైనా పట్టి ఉంచాలి. ఈ ముక్క జరిమానా రసీదు నేర్పదు. ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

2024 మార్చిలో ఫ్లోరిడా కీస్ అనే దీవుల దగ్గర జెట్ స్కీలు ఢీకొని, తెలంగాణ నుంచి చదువుకోడానికి వెళ్లిన యువకుడొకరు చనిపోయాడు. ఆ వార్త నన్ను చాలా బాధపెట్టింది. మన పిల్లలు సెలవుల్లో అలాంటి చోట్లకి వెళ్తూనే ఉంటారు, గంటకింత అని అద్దెకి తీసుకుంటూనే ఉంటారు.

తప్పు జరిగాక నేర్పే చదువు మంచిదే. ముందే తెలిస్తే ఇంకా మంచిది కదా! అందుకని ఫోన్లో మాట్లాడినప్పుడు మీ పిల్లలకి ఇది చెప్పండి. ఎక్కగానే ఇంజిను ఆపే తాడుని మణికట్టుకో లైఫ్ జాకెట్‌కో తగిలించుకోవాలి. మనిషి పడిపోతే ఇంజిను ఆగిపోతుంది. తర్వాత ఎవరూ లేని చోట, నెమ్మదిగా పోతూ, యాక్సిలరేటర్ వదిలి ఒకసారి, పట్టి ఒకసారి తిప్పి చూడాలి. ఆ తేడా చేతికి తెలిశాకే నలుగురూ ఉన్న వైపు వెళ్లాలి.