హంద్రీ మీద వంతెన, ఊళ్ళో రోడ్డు విస్తరణ: మనం అడగాల్సిన కొలతలు

(కర్నూలులో కాలనీ సంఘాల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మన ఊళ్ళో రోడ్డు వెడల్పు చేస్తారన్న మాట పుట్టగానే రెండు వర్గాలు బయల్దేరతాయి. ఎన్ని వరుసలైనా వేయండి, ట్రాఫిక్ తగ్గితే చాలు అనేవాళ్ళు ఒకవైపు. మా అంగడి పోతుంది, మాకొద్దు అనేవాళ్ళు ఇంకోవైపు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. అయితే ఆ మాటలతో డ్రాయింగు వేసే ఇంజనీరు చేయగలిగింది ఏమీ లేదు. ఆయనకు కావలసింది మట్టం, పొడవు, తేదీ. అవి మన దగ్గరున్నాయి. 2009 అక్టోబరు వరదలో మీ గోడ మీద నీళ్ళు ఎంతవరకు ఎక్కాయో మీకు తెలిసినంతగా ఏ కన్సల్టెంటుకూ తెలియదు. ఆ జ్ఞాపకాన్ని కొలతగా మార్చి డిజైనులోకి ఎక్కించాలన్నదే ఈరోజు నేను చెప్పదలచుకున్నది.

ఊరి పటం ఒకసారి మనసులో పెట్టుకోండి. ఉత్తరాన తుంగభద్ర. ఇటు పాతబస్తీ, అటు కల్లూరు, నడుమ హంద్రీ. అది ఊరు దాటీదాటకముందే తుంగభద్రలో కలుస్తుంది. సుంకేసుల నుంచి వచ్చే కేసీ కాలువ హంద్రీని అక్విడక్టు మీద, అంటే నది పైన కట్టిన కాలువ వంతెన మీద, దాటుతుంది. హైదరాబాదు, బెంగుళూరు మధ్య 44వ జాతీయ రహదారి, నంద్యాల మీదుగా కడపకు 40వ రహదారి, డోన్ వైపు రైలు మార్గం. ఇన్ని గీతలు ఒకదాన్నొకటి దాటే ఊళ్ళో రోడ్డు విస్తరణ అంటే సగం వంతెనల పనే.

ముందుగా హంద్రీ సంగతి. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో మురుగు, కంపచెట్లే కనిపిస్తాయి కాబట్టి చిన్న వంతెన చాలనిపిస్తుంది. వంతెన పొడవుకు ఇంజనీర్లు మొదట పట్టుకునేది లేసీ సూత్రం. వరద ప్రవాహం సెకనుకు ఎన్ని ఘనమీటర్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.8తో గుణిస్తే నీటికి కావలసిన వెడల్పు మీటర్లలో వస్తుంది. లెక్క కోసం 2,500 ఘనమీటర్లు అనుకుందాం. వర్గమూలం 50, వెడల్పు 240 మీటర్లు. పిల్లర్ల మందం ఇందులో కలవదు, అది అదనం. ఈ సూత్రం ఒండ్రు నేలల నదులకు పుట్టింది. గట్లు గట్టిగా, రాతితో ఉన్నచోట గట్టు నుంచి గట్టుకు ఉన్న అసలు వెడల్పే కొలత. చిక్కు ఇక్కడే వస్తుంది. మట్టి పోసి, ఇళ్ళు లేపి సన్నబరిచిన నదిని ఈరోజు టేపు పెట్టి కొలిచి, అదే నది వెడల్పు అని రాసుకుంటే, ఆక్రమణ కొలతే వంతెన కొలత అవుతుంది. దాన్ని మళ్ళీ సరిచేయడం మన తరంలో అయ్యే పని కాదు. అందుకే పాత గ్రామ పటంలో, సర్వే నంబర్ల వారీ కొలతలుండే ఎఫ్‌ఎంబీలో (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్‌లో) నది హద్దు ఎక్కడుందో చూపించి, ఆ వెడల్పు తీసుకున్నారా అని అడగాలి.

రెండో ప్రశ్న అంతకంటే ముఖ్యం. హంద్రీకి ఎగువన గాజులదిన్నె జలాశయం ఉంది, దిగువన తుంగభద్ర ఉంది. గాజులదిన్నె గేట్లు ఎత్తితే వచ్చే నీళ్ళు ఒక లెక్క. తుంగభద్ర నిండుగా పారుతుంటే హంద్రీ నీళ్ళు కలిసే చోటు లేక వెనక్కి తన్నుతాయి, అది ఇంకో లెక్క. ఈ తుంగభద్ర కృష్ణతో కలిసి చేరే శ్రీశైలానికి 2009లో వచ్చిన వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ డ్యాము స్పిల్‌వే డిజైను సుమారు 19 లక్షలకే. 885 అడుగుల పూర్తిమట్టం దాటి జలాశయం 896 అడుగుల దాకా ఎక్కింది. అలాంటి రోజున హంద్రీలో ప్రవాహం ఓ మోస్తరుగా ఉన్నా మట్టం మాత్రం ఎక్కువగా ఉంటుంది. ప్రవాహం ఒక్కటే చూసి కట్టిన వంతెనకు ఖానాలు, అంటే పిల్లర్ల మధ్య నీళ్ళు పోయే ఖాళీలు, సరిపోతాయి, ఎత్తు సరిపోదు. కాబట్టి సూటిగా అడగండి: మీ నివేదికలో గరిష్ఠ వరద మట్టం హంద్రీ సొంత వరదకు వేశారా, తుంగభద్ర వెనక్కి తన్నే నీళ్ళు, అంటే బ్యాక్‌వాటర్, కూడా కలిపి వేశారా?

ఆ మట్టం ఖరారైతే వంతెన ఎత్తు దానంతటదే వస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన ప్రకారం వరద మట్టానికీ, రోడ్డు స్లాబును మోసే దూలం, అంటే గర్డరు, అడుగుకూ మధ్య, ప్రవాహం 300 నుంచి 3,000 ఘనమీటర్ల దాకా ఉంటే కనీసం 1.2 మీటర్లు, 3,000 దాటితే 1.5 మీటర్లు ఖాళీ ఉండాలి. పిల్లర్లు అడ్డం రావడం వల్ల ఎగువన పెరిగే మట్టాన్ని కూడా కలుపుకున్నాకే ఈ ఖాళీ. ఇది ఎందుకంటే, వరదలో నీళ్ళొక్కటే రావు. గుర్రపుడెక్క, వేళ్ళతో సహా కంపచెట్లు, పశువుల కొట్టాల పైకప్పులు వస్తాయి. అవి గర్డరుకు చిక్కుకుంటే ఖానా మూసుకుపోతుంది. నీళ్ళు గర్డరును పక్కకు నెడతాయి, కింద చిక్కిన గాలితో కలిసి పైకి కూడా లేపుతాయి. చాలాసార్లు వంతెన నిలబడి, దాని రెండు పక్కల మట్టికట్ట తెగుతుంది. దూరం నుంచి చూస్తే వంతెన చెక్కుచెదరలేదు, రోడ్డు మాత్రం లేదు.

100 ఏళ్ళ వరదకు డిజైను చేశామని చెబుతారు. దాని అర్థం 100 ఏళ్ళకు ఒకసారే వస్తుందని కాదు. ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని. లెక్క వేస్తే, 50 ఏళ్ళలో కనీసం ఒకసారి రావడానికి దాదాపు 40 శాతం అవకాశం ఉంది. వరద మట్టం దగ్గర అర మీటరు పొదుపు చేద్దామనే మాట వస్తే ఈ అంకె గుర్తుచేయండి.

ఇక మీరు చేయాల్సిన పని. 2009 నీటి గుర్తులను వీధివీధినా పోగుచేయాలి. గోడకు చాలాసార్లు సున్నం వేసి ఉంటారు కాబట్టి కదలని వస్తువునే గుర్తుగా పట్టుకోండి: కిటికీ గడప, కరెంటు మీటరు బోర్డు, గుడి మెట్టు, మసీదు వజూఖానా గట్టు. "మీటరు బోర్డు అడుగు అంచు దాకా వచ్చాయి" అన్న మాట పనికొస్తుంది, "మెడ దాకా వచ్చాయి" అన్నది పనికిరాదు. ఆ అంచు నుంచి నేలకు కాదు, వీధిలో కదలని ఒక రాయికి మట్టం తీయాలి. బేల్దారి మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టంతో పది పన్నెండు మీటర్ల చొప్పున జరుపుకుంటూ పోవచ్చు. గొట్టంలో గాలిబుడగ ఉంటే మట్టం తప్పు చూపిస్తుంది, ముందు అది పోగొట్టాలి. సర్వేవాళ్ళు మట్టం చూసే ఆటోలెవెల్ పరికరం దొరికితే ఇంకా మంచిది, పాలిటెక్నిక్ సివిల్ విద్యార్థులు ఒక్క పూటలో వీధంతా తీసేస్తారు. చివరికి ఎత్తు ముందే తేల్చి పెట్టిన సర్వే గుర్తుకు, అంటే బెంచ్‌మార్కుకు, కలిపితేనే అది సముద్రమట్టం నుంచి ఎత్తుగా మారి డ్రాయింగులో పెట్టుకోవడానికి పనికొస్తుంది. ఒకే వీధిలో నాలుగైదు గుర్తులు తీయండి. నిలిచిన నీటికి అవన్నీ దాదాపు ఒకే మట్టంలో ఉండాలి. ఒకటి అర మీటరు తేడాగా ఉంటే, జ్ఞాపకం పొరబడిందని దాన్ని పక్కన పెట్టండి. అలా జల్లెడ పట్టిన జాబితాను ఏ అధికారీ తేలిగ్గా తోసిపుచ్చలేడు.

తర్వాతది మట్టికట్టల సమస్య. వంతెన పొడవు సరిగ్గా ఉన్నా, దానికి రెండు వైపులా వరద పారే నేల మీద ఆరు మీటర్ల ఎత్తు కట్ట పోసి, పక్కల కాంక్రీటు పలకలు పేరిస్తే, అది నదికి అడ్డంగా కట్టిన గట్టే. ఎగువ కాలనీలో నీళ్ళు నిలుస్తాయి. పిల్లర్ల మీద పోయే రోడ్డుకు ఖర్చు బాగా ఎక్కువ, ఆ మాట నిజం. ఊరంతా పిల్లర్లే వేయమని అడగడం నా దృష్టిలో సరికాదు. 2009 నీళ్ళు వచ్చిన హద్దు లోపల పిల్లర్లు, హద్దు బయట కట్ట. ఇలా అడిగితే మాటకు బలం ఉంటుంది. కట్ట తప్పదంటే దానిలో నీళ్ళు అటూఇటూ సర్దుకునే తూములు ఎన్ని, ఏ మట్టంలో పెట్టారో చూడండి. చిన్న వంకలన్నీ రోడ్డు కింద ఒకే కల్వర్టుకు మళ్ళిస్తే మొదటి వానకే ఆ కల్వర్టు చాలదు.

మన చుట్టుపక్కల నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చేయి పట్టేంత పగులు ఇస్తుంది. జాతీయ రహదారి పైపొరల కింద అర మీటరు మందం సబ్‌గ్రేడు, అంటే బిగించిన మట్టి పొర, ఉండాలి, దాని సీబీఆర్, అంటే బరువు మోసే బలాన్ని చెప్పే అంకె, కనీసం 8 శాతం ఉండాలి. నల్లరేగడికి సాధారణంగా రెండు మూడు శాతమే వస్తుంది. కాబట్టి గరుసు బయటి నుంచి తేవాల్సిందే. 200 మిల్లీమీటర్లకు మించని పొరలుగా వేసి, సరైన తేమలో రోలరు తిప్పి, ప్రయోగశాలలో వచ్చిన సాంద్రతలో 97 శాతం వచ్చాకే పై పొర వేయాలి. తొందరలో రెండు పొరలు ఒకటిగా పోస్తే పైభాగం బిగుస్తుంది, అడుగు వదులుగానే ఉంటుంది. వంతెన ఎక్కేచోట బండి ఎగిరిపడటానికి ముఖ్య కారణం ఇదే. వంతెన దిగదు, దాని వెనక మట్టి దిగుతుంది. అందుకే అక్కడ కనీసం 3.5 మీటర్ల అప్రోచ్ స్లాబు (వంతెన చివర మట్టి మీద వేసే కాంక్రీటు పలక), అబట్‌మెంటు గోడ (వంతెన చివర మోసే గోడ) వెనక 600 మిల్లీమీటర్ల రాళ్ళ పొర పెట్టమంటారు. రాళ్ళకు బదులు మట్టే నింపారా అన్నది వాన వెలిసిన మర్నాడు మీరే చూడొచ్చు. గోడకున్న చిన్న రంధ్రాలు పొడిగా ఉండి, గోడ అతుకుల్లోంచి మట్టినీళ్ళు చారలుగా కారుతుంటే వెనక నీరు పోయే దారి మూసుకుపోయినట్టే. ఫొటో తీసి తేదీతో పెట్టుకోండి.

పునాదుల గురించి ఒక్క మాట. గట్టిరాయి తగిలితే అందులోకి కనీసం 0.6 మీటరు, మెత్తరాయి అయితే 1.5 మీటర్లు దిగాలి. ఒక పిల్లరు దగ్గర రాయి తగిలిందని పక్క పిల్లరుకూ అదే లోతు రాసుకోకూడదు. పెద్ద గుండును రాతిపొర అనుకునే ప్రమాదం ఉంది. ప్రతి పిల్లరుకూ బోరు వేశారా అని అడగండి. వంతెనకు దగ్గర్లో ఇసుక తోడితే నది అడుగు దిగిపోయి, పిల్లరు చుట్టూ నీళ్ళు ఎంత లోతు కోస్తాయని పాత మట్టం నుంచి వేసిన లెక్క తప్పుతుంది. ఈ విషయంలో ఊరి కాపలా కంటే గట్టి కాపలా లేదు.

రైలు పట్టాల మీద వంతెన సంగతి అంగళ్ళవాళ్ళకు ముఖ్యం. విద్యుత్ లైనున్న పట్టాల పైన 6.525 మీటర్ల ఖాళీ కావాలి. గర్డరు, స్లాబు కలిపి ఇంకో రెండు మీటర్లు. రోడ్డు దాదాపు 8.5 మీటర్ల ఎత్తుకు ఎక్కాలి. 30 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కితే ఒక్కో వైపు 255 మీటర్ల ర్యాంపు, వంపులు కలిస్తే ఇంకా ఎక్కువ. ఆ పొడవునా అంగళ్ళకు ఎదురుగా గోడ లేస్తుంది. ర్యాంపు మొదలైన 150 మీటర్లకు రోడ్డు 5 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి పిల్లర్ల మీద తీసుకుపోతే కింద దాదాపు 3 మీటర్ల ఖాళీ దొరికి ఆటోలు, నడిచేవాళ్ళు అటూఇటూ దాటతారు. "ర్యాంపు వద్దు" అనే అర్జీ కంటే "150వ మీటరు నుంచి పిల్లర్లు పెట్టండి, రెండు పక్కలా సర్వీసు రోడ్డు, డ్రైను ముందు పూర్తిచేసి తర్వాత పని మొదలుపెట్టండి" అనే అర్జీ అంగడిని కాపాడుతుంది.

అండర్‌పాసు 4 మీటర్ల ఎత్తుతో ఇస్తామంటే కార్లు, ఆటోలు పోతాయి. గడ్డి లోడు ట్రాక్టరు పోదు, పత్తి బోరాలు ఎత్తుగా వేసిన లారీ పోదు. ఎత్తు సరిపెట్టడానికి కింది రోడ్డును తవ్వి దింపితే వానాకాలమంతా మోటార్లే దిక్కు. అండర్‌పాసు అడుగు మట్టం పక్క డ్రైను మట్టం కంటే పైన ఉందా లేదా, డ్రాయింగులో ఈ రెండు అంకెలు చూస్తే చాలు.

ట్రాఫిక్ లెక్క ఏ నెలలో తీశారో కూడా అడగాలి. కారును ఒకటిగా లెక్కిస్తే లారీ 3, ట్రైలరుతో ట్రాక్టరు 4.5, ఎద్దులబండి 8. ఏడు రోజులు రాత్రింబవళ్ళు లెక్కిస్తారు. ఆ వారం మే నెలలో పడితే మన మార్కెట్ యార్డుకు వచ్చే ఉల్లి ట్రాక్టర్లు లెక్కలోకే రావు.

కట్టాక చూడాల్సినవి చిన్నవే. 40 మీటర్ల గర్డరు చలికీ ఎండకూ మధ్య 40 డిగ్రీల తేడాకు దాదాపు 19 మిల్లీమీటర్లు సాగుతుంది, ముడుచుకుంటుంది. ఆ కదలికకు వదిలిన సందులో మట్టి, కంకర నిండితే రబ్బరు పట్టీ చిరిగి, నీళ్ళు గర్డరును పిల్లరు మీద మోసే బేరింగుల మీదకు కారతాయి. వాన నీటి గొట్టం గర్డరు అడుగు కంటే కిందిదాకా రాకపోతే అదే నీరు గర్డరు పక్కల కారి లోపలి ఇనుము తుప్పుపడుతుంది.

ఇక ఈ మాటలు ఎక్కడ చెప్పాలి? ఊళ్ళో కొద్ది కిలోమీటర్ల విస్తరణకు పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. ఇప్పుడున్న రహదారి విస్తరణ 100 కిలోమీటర్లు దాటి, అదనంగా 40 మీటర్లకు మించి భూమి తీసుకుంటేనే ఆ అనుమతి కావాలి. మిగిలింది 1956 జాతీయ రహదారుల చట్టం. భూమి తీసుకుంటామని చెప్పే 3ఏ సెక్షన్ నోటిఫికేషన్ గెజెట్‌లో వస్తుంది, దాని సారాంశం రెండు స్థానిక పత్రికల్లో వేస్తారు, అందులో ఒకటి తెలుగు. గెజెట్‌లో వచ్చిన నాటి నుంచి 21 రోజుల్లోగా, ఆ భూమిలో హక్కు ఉన్నవాళ్ళు 3సీ సెక్షన్ కింద రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. నోటిఫికేషన్‌లో పేర్కొన్న అధికారికే ఇవ్వాలి, సర్వే నంబరు రాయాలి, కారణం రాయాలి, రసీదు తీసుకోవాలి. స్వయంగా గానీ వకీలు ద్వారా గానీ చెప్పుకునే అవకాశం ఆయన ఇవ్వాల్సిందే. భూమి పోనివాళ్ళకు 3సీ వర్తించదు. వాళ్ళు వరద గుర్తుల పట్టికతో ప్రాజెక్టు అధికారికీ కలెక్టరుకూ వినతిపత్రం ఇవ్వాలి.

అందుకు డ్రాయింగు ముందు చేతికి రావాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో వంతెన జనరల్ అరేంజ్‌మెంట్ డ్రాయింగు (మొత్తం కొలతల పటం), హైడ్రాలజీ నివేదిక (వరద లెక్కలు), ట్రాఫిక్ లెక్కల నివేదిక మూడింటినీ పేరుపేరునా అడగండి. "రోడ్డు వివరాలు ఇవ్వండి" అని రాస్తే రెండు పేజీల సారాంశం వస్తుంది. జవాబుకు 30 రోజుల గడువుంది, అభ్యంతరానికి 21 రోజులే. 3ఏ వచ్చాక దరఖాస్తు వేస్తే డ్రాయింగు చూడకుండానే అభ్యంతరం రాయాల్సి వస్తుంది. అందువల్ల మీ వీధిలో సర్వేవాళ్ళు పెయింటుతో గుర్తులు వేసిన వారంలోనే ఆ దరఖాస్తు పోస్టులో పడాలి.