300 గజాల హక్కు

శ్రోతలందరికీ నమస్కారం.

300 గజాలు అనగానే మనకు ఇంటి స్థలమే గుర్తొస్తుంది. తూర్పు ముఖమా, ముందు రోడ్డు ఎన్ని అడుగులు, గజం ఎంత పలుకుతోంది అంటూ మాట అటే పోతుంది. బ్రిటన్‌లో అదే 300 గజాలకు ఇంకో వాడకం ఉంది. వాళ్ల పాత కొలతల్లో దాన్ని పది రాడ్లు అంటారు, మన లెక్కలో 302న్నర చదరపు గజాలు. మామూలు మనుషులు ఊరి కౌన్సిల్ దగ్గర అంత నేల ఏడాదికింత అని అద్దె కట్టి తీసుకుని, కూరగాయలు పండించుకుంటారు. దాని పేరు అలాట్‌మెంట్. అందులో ఇల్లు కట్టుకోకూడదు. పండినది ప్రధానంగా ఇంటి వాడకానికే. కోళ్లు, కుందేళ్లు పెంచుకోవచ్చని 1950 నాటి చట్టం చెబుతుంది, వ్యాపారానికి మాత్రం పనికిరాదు.

ఒక మడి దగ్గరికి వెళ్లి చూద్దాం. మూలన పనిముట్లు పెట్టుకునే చెక్క షెడ్డు, దాని కప్పు మీద పడ్డ వాననీళ్లు కారి నిండే డ్రమ్ము. కర్రలు గుడిసెలా కట్టి వాటి మీదికి పాకించిన బీన్స్ తీగలు. ఆలుగడ్డల సాళ్లు, ఉల్లినారు, గట్టు పక్కన ఎరువు కుప్ప. లెస్టర్, బర్మింగ్‌హామ్ వైపు వెళితే మన దేశం నుంచి వెళ్లినవాళ్ల మళ్లల్లో మెంతికూర, కొత్తిమీర, తోటకూర, చిక్కుడు, సొరపాదు కూడా కనిపిస్తాయి. చలిదేశంలో సొరపాదును బతికించడం మాటలు కాదు. అయినా పట్టుబట్టి పెంచుతారు. మడిని బీడు పెట్టి కలుపు పెరగనిస్తే కౌన్సిల్ నుంచి నోటీసు వస్తుంది. ఎందుకంటే వెనకాల లైన్లో ఏళ్ల తరబడి ఎదురు చూస్తున్నవాళ్లు ఉంటారు.

ఇది సరదా వ్యవహారంలా కనిపించవచ్చు. దీని వెనక మూడు వందల ఏళ్ల గొడవ ఉంది. అది చెప్పాలనే ఈ రోజు మీ ముందుకు వచ్చాను.

ఇంగ్లండ్ పల్లెల్లో ఒకప్పుడు ఉమ్మడి భూములు విస్తారంగా ఉండేవి. మన బంచరాయి, పోరంబోకు భూముల లాంటివే. పేదవాడి ఆవు అక్కడే మేసేది, పొయ్యిలోకి పుల్లలు అక్కడి నుంచే వచ్చేవి. 1604 నుంచి 1914 దాకా అక్కడి పార్లమెంటు 5,200కు పైగా బిల్లులు చేసి ఆ భూములకు కంచెలు వేయించింది. మొత్తం 68 లక్షల ఎకరాలు, ఇంగ్లండ్ నేలలో ఐదో వంతుకు కాస్త పైనే. పెద్ద రైతుల చేతికి పట్టాలు వచ్చాయి. ఒక్క ఆవు ఉన్నవాడికి మేపుకోవడానికి చోటు లేక ఆ ఆవూ పోయింది. చాలామంది కూలీలయ్యారు, ఫ్యాక్టరీ ఊళ్ల దారి పట్టారు.

దీన్ని ఎవరూ ఎదిరించలేదా అంటే, ఎదిరించారు. 1649 ఏప్రిల్‌లో జెరార్డ్ విన్‌స్టాన్లీ అనే ఆయన కొంతమంది పేదలను వెంటబెట్టుకుని, సర్రే కౌంటీలో సెయింట్ జార్జ్ హిల్ అనే ఉమ్మడి బీడులో పలుగూ పారా పట్టుకుని దిగాడు. క్యారెట్లు, చిక్కుళ్లు వేశారు. భూమి అందరిదీ, దున్నుకుని తింటామన్నారు. జనం వాళ్లను డిగ్గర్లు అన్నారు, అంటే తవ్వేవాళ్లు. చుట్టుపక్కల ఆసాములు మనుషుల్ని పంపి కొట్టించారు, కోర్టుకు ఈడ్చారు. కొన్ని నెలలకే వాళ్లు ఆ గుట్ట వదిలి పోవలసి వచ్చింది. ఇప్పుడు సెయింట్ జార్జ్ హిల్ అంటే కోటీశ్వరుల గేటెడ్ ఎస్టేట్. గోల్ఫ్ కోర్సు, టెన్నిస్ క్లబ్బు ఉన్నాయి. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ తర్వాత కొందరు జమీందార్లు, చర్చి పెద్దలు కూలీలకు కాస్త కాస్త నేల ఇవ్వడం మొదలుపెట్టారు. మంచిదే. అయితే ఆదివారం చర్చికి రావాలని షరతు పెట్టినవాళ్లూ ఉన్నారు. ఇచ్చినవాడికి కోపం వస్తే నేల వెనక్కి పోయేది. దయతో వచ్చిన నేల దయ ఉన్నంతకాలమే ఉంటుంది. 1908లో వచ్చిన స్మాల్‌హోల్డింగ్స్ అండ్ అలాట్‌మెంట్స్ యాక్ట్ ఆ పరిస్థితిని మార్చింది. ఊళ్లో ఆరుగురు ఓటర్లు కలిసి, మాకు సాగు మళ్లు కావాలని రాసిస్తే కౌన్సిల్ దాన్ని పరిశీలించి తీరాలి. గిరాకీ నిజమేనని తేలితే స్థలం చూపించడం దాని బాధ్యత. 1925లో ఇంకో చట్టం చేశారు. అలాట్‌మెంట్ల కోసమే కొన్న భూమిని మంత్రి అనుమతి లేకుండా కౌన్సిల్ అమ్మడానికి వీల్లేదు. ఆరుగురు చాలు అన్నారు చూడండి, నాకు బాగా నచ్చింది అది. ఊరంతా కదలనక్కర్లేదు, పలుకుబడి ఉన్నవాళ్లు వెంట రానక్కర్లేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సబ్‌మెరైన్లు తిండి సరుకుల ఓడలను ముంచేస్తుంటే బ్రిటన్ తన పెరటి వైపు చూసుకుంది. 1918 నాటికి ఈ మళ్లు సుమారు 15 లక్షలు అయ్యాయి. రెండో యుద్ధంలోనూ అంతే, పార్కులు కూడా దున్నేశారు. యుద్ధం అయ్యాక భూమికి రేటు వచ్చింది, ఇళ్లు వచ్చాయి, రోడ్లు వచ్చాయి. ఇప్పుడు మిగిలినవి 3 లక్షల పైచిలుకు.

చట్టం ఉండగా ఎలా పోయాయని మీకు అనుమానం రావచ్చు. అన్ని మళ్లకూ ఆ రక్షణ లేదు. కౌలుకు తీసుకున్న స్థలంలో, తాత్కాలికంగా ఇచ్చిన స్థలంలో ఉన్నవాటికి అది వర్తించదు. తూర్పు లండన్‌లో మేనర్ గార్డెన్ అనే చోట సుమారు 80 మళ్లు ఉండేవి. స్థానికులు సాగు చేసుకోవాలని ఒక దాత ఏర్పాటు చేసిన స్థలం అది. తాతల కాలం నుంచి ఒకే కుటుంబం దున్నుకున్న మళ్లూ అందులో ఉన్నాయి. 2012 ఒలింపిక్స్ పార్కు కోసం 2007లో అందరినీ ఖాళీ చేయించి బుల్డోజర్లు నడిపారు. వేరే చోట స్థలం చూపించారు కానీ, ఏళ్ల తరబడి ఎరువు వేసి నల్లగా తయారు చేసుకున్న మట్టిని లారీలో వేసుకుని పోలేరు కదా.

కాబట్టి అసలు ప్రశ్న సాగు చేసుకోనిస్తారా లేదా అన్నది ఒక్కటే కాదు. ఆ నేల ఎవరి పేరు మీద ఉందన్నది కూడా. దీన్ని గట్టిగా పట్టుకున్నది స్కాట్లండ్.

అక్కడి పల్లె ప్రాంతాల్లో ప్రైవేటు భూమిలో సగం 432 మంది యజమానుల చేతుల్లో ఉందని పదేళ్ల కిందట లెక్క తేల్చారు. దేశంలో పశ్చిమాన ఎగ్ అనే దీవి ఉంది. సుమారు 7,400 ఎకరాలు, 1990లలో జనం 60 చిల్లర. దీవి మొత్తానికి ఒకడే ఓనరు. ఒకరు అమ్ముతారు, ఇంకొకరు కొంటారు, దీవి మీద పుట్టి పెరిగినవాళ్లకు ఆ సంగతి పేపర్లో చూస్తే తెలుస్తుంది. సరైన లీజు కాగితం లేక చాలామంది తామున్న ఇంటి కప్పు బాగు చేయించుకోవడానికి కూడా జంకేవారు. రేపు పొమ్మంటే ఏంటి గతి అన్న టెన్షన్. చివరికి వాళ్లే చందాలు పోగు చేశారు. వేల మంది తలా కొంచెం పంపారు, పేరు చెప్పని ఒక మహిళ సింహభాగం ఇచ్చింది. 15 లక్షల పౌండ్లు పెట్టి 1997 జూన్ 12న దీవిని కొనుక్కున్నారు. భూమి ఇప్పుడు ఒక ట్రస్టు పేరు మీద ఉంది. అందులో దీవి వాసుల సంఘంతోపాటు స్థానిక కౌన్సిల్, ఒక వన్యప్రాణి సంస్థ సభ్యులు.

కొన్నాక ఏం చేశారన్నది ఇంకా ముఖ్యం. ముందు లీజు కాగితాలు ఇచ్చారు. ఇళ్లు బాగు చేసుకున్నారు. అంతకుముందు కరెంటు కావాలంటే ఇంటింటికీ డీజిల్ జనరేటరే. 2008లో వాగునీళ్లు, గాలి, ఎండ మూడూ కలిపి సొంత గ్రిడ్డు పెట్టుకున్నారు. ఒక ఇల్లు ఒక్కసారిగా 5 కిలోవాట్లు మించి వాడకూడదని నియమం. పెద్ద ఇల్లయినా, చిన్న ఇల్లయినా అంతే. వాన బాగా పడి, గాలి బాగా వీచి కరెంటు మిగిలిపోతే దాంతో ఊరి హాలును వెచ్చబెడతారు. జనాభా ఇప్పుడు వంద దాటింది. వెళ్లిపోయిన పిల్లల్లో కొందరు తిరిగొచ్చి ఇళ్లు కట్టుకున్నారు.

ఇలాంటివి చూశాక 2003లో స్కాట్లండ్ చట్టం చేసింది. ఊరివాళ్లు ఒక సంఘంగా ఏర్పడి, ఫలానా భూమి మీద మాకు ఆసక్తి ఉందని ముందే నమోదు చేసుకోవచ్చు. యజమాని అమ్మకానికి పెట్టిన రోజున మొదటి బేరం వాళ్లదే. 2015 చట్టంతో ఈ హక్కు నగరాలకూ వచ్చింది. ఎడిన్‌బరోలో పోర్టోబెల్లో అనే పేటవాళ్లు మూతబడ్డ చర్చిని అలాగే కొని కమ్యూనిటీ హాలు చేసుకున్నారు. అదే చట్టంలో అలాట్‌మెంట్ల సంగతి కూడా ఉంది. ఎదురు చూసేవాళ్ల సంఖ్య ఉన్న మళ్లలో సగానికి మించకుండా, ఎవరూ ఐదేళ్లకు మించి లైన్లో ఉండకుండా కౌన్సిల్ తగిన చర్యలు తీసుకోవాలి. అప్లికేషన్ పెట్టి మర్చిపోవలసిందే అనుకునే రోజులకు ఇది పెద్ద మార్పు.

అంతా బంగారంలా ఉందని చెప్పను. సంఘాల చేతికి వచ్చింది స్కాట్లండ్ భూమిలో 3 శాతం లోపే. కొనడానికి ప్రజల సొమ్ము, జాతీయ లాటరీ గ్రాంట్ల సొమ్ము పోస్తుంటే అది చివరికి పాత యజమానుల జేబులోకే పోతోందన్న విమర్శ ఉంది, అందులో న్యాయం ఉంది. జీతం లేని కమిటీ పనిని ఏళ్ల తరబడి మోసేవాళ్లు అలసిపోతారు కూడా.

ఈ ఆలోచనకు మనతో ఒక చుట్టరికం ఉంది. చాలామందికి తెలియదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో 40 దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడగడం, వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి 100 ఎకరాలు ఇస్తాననడం మనం పుస్తకాల్లో చదువుకున్నదే. ఆ భూదానంలోంచే గ్రామదానం పుట్టింది. ఇక్కడ భూమి మనిషి పేరు మీద కాకుండా గ్రామసభ పేరు మీద ఉంటుంది, సాగు హక్కు మాత్రం రైతుది. ఈ గ్రామదానాన్ని అమెరికాలో రాబర్ట్ స్వాన్ లాంటివాళ్లు శ్రద్ధగా చదివారు. 1969లో జార్జియా రాష్ట్రంలో పౌరహక్కుల నాయకుడు చార్ల్స్ షెరాడ్, ఆయన మిత్రులతో కలిసి నల్లజాతి రైతుల కోసం న్యూ కమ్యూనిటీస్ అనే సంస్థ పెట్టి 5,700 ఎకరాల దాకా కొన్నారు. అమెరికాలో కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టులకు మొదలు అదే. కరువు వచ్చింది, సర్కారు అప్పుల్లో నల్లవాళ్లకు అన్యాయం జరిగింది, 1985లో భూమి చేజారింది. వాళ్లు వదల్లేదు. వివక్ష కేసులో 2009లో సుమారు 1.2 కోట్ల డాలర్ల పరిహారం తేలింది. ఆ డబ్బుతో ఒకప్పుడు బానిసల చేత పని చేయించిన తోటనే, 1,600కు పైగా ఎకరాలది, 2011లో కొన్నారు.

పోచంపల్లి మాట అంత దూరం వెళ్లింది. ఇక్కడ మాత్రం చేతులు మారిన భూదాన్ భూముల మీద కోర్టుల్లో కేసులు నడుస్తూనే ఉన్నాయి. ముక్కలు ముక్కలుగా మనుషులకు పంచి, ఆ భూమికి కాపలా ఉండే బలమైన ఊరి సంఘాన్ని నిలబెట్టకపోవడం వల్లే ఎక్కువ నష్టం జరిగిందని నా నమ్మకం. సంఘం బలంగా ఉన్నచోట ఫలితం వేరు. జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళల సంఘాలు కలిసి పడావు భూములు కౌలుకు తీసుకుని జొన్నలు, పప్పులు పండించి ఇళ్లు నిలబెట్టుకున్నాయి.

పట్నాల్లో ఉన్నవాళ్లు మనకేం నేల ఉందని అనుకుంటారు. ఉంది. అనుమతి ఉన్న ప్రతి లేఅవుట్‌లోనూ నిబంధనల ప్రకారం కొంత ఖాళీ స్థలం వదిలి, రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్‌తో మున్సిపాలిటీకో పంచాయతీకో అప్పగించాలి. కాగితం మీద అది పార్కు. చాలా కాలనీల్లో చూస్తే సర్కారు తుమ్మ, చెత్తకుప్ప, కొన్నాళ్లకు ఎవరిదో ప్రహరీ. పార్కుగా ఉండాల్సింది పార్కుగానే ఉండాలి. అందులో ఓ మూల, ఇంటి ముందు మట్టి లేని అపార్ట్‌మెంటు వాళ్లకు, పక్క బస్తీ వాళ్లకు సమానంగా, చీటీ తీసి, చిన్న చిన్న మళ్లు ఏడాది గడువు మీద ఇవ్వమని కాలనీ వాళ్లు అడగవచ్చు. యాజమాన్యం మున్సిపాలిటీదే, సాగు మనది. దానికి ముందు ఆ స్థలం ఇంకా ఉందో లేదో తెలియాలి. సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు రాయండి. మా లేఅవుట్ నంబరు ఇది, ఖాళీ స్థలం ఏ సర్వే నంబరులో ఎన్ని గజాలు, గిఫ్ట్ డీడ్ కాపీ ఇవ్వండి, ఇప్పుడు ఎవరి స్వాధీనంలో ఉందో చెప్పండి అని అడగండి. పంచాయతీలో రుసుము లేదు, మున్సిపాలిటీలో 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

నమస్కారం.