కాలువ పూడిక మట్టి పొలానికి తోలుకోవచ్చా?

ప్రయోక్త: నమస్కారం, కడప నుంచి మన ఫోన్-ఇన్ కార్యక్రమం. కాలువలకు నీళ్లు ఆపేశారు, ఊళ్లల్లో ట్రాక్టర్లన్నీ పూడిక తోలే పనిమీదే ఉన్నాయి, అందుకే ఈ రోజు ఆ మట్టి సంగతి మాట్లాడుకుందాం. నేల, నీళ్ల కాలుష్యం మీద చాలా ఏళ్లు పనిచేసిన మేడం గారు స్టూడియోలో ఉన్నారు. హలో, చెప్పన్నా, ఎక్కడి నుంచి?

శ్రోత: మైదుకూరు పక్కన పల్లె అన్నా. మేడం గారికి నమస్కారం. కేసీ కాలువ కింద నాలుగెకరాలుంది మాకు. పూడిక మట్టి తోలుకుందామని ట్రాక్టరు ఆయనకు అడ్వాన్సు కూడా ఇచ్చినా. ఇంతలో బెంగళూరులో చదివే మా పిల్లోడు ఫోన్ చేసి, నాయనా ఆ మట్టిలో పాత పురుగుమందు డీడీటీ ఉంటుంది, వద్దంటాడు. నా చిన్నప్పుడు కొట్టిన మందు ఇంకా ఉంటుందా మేడం? కాలువ నీళ్లు బాటిల్లో పట్టి టెస్ట్ చేయిస్తే బాగానే ఉన్నాయని చెప్పినారు.

మేడం: ఉండొచ్చన్నా, మీవాడు ఊరికే అనలేదు. మీరు నీళ్లు చూపించారు, చూపించాల్సింది బురద. డీడీటీ, బీహెచ్‌సీ లాంటి పాత పురుగుమందులు నీళ్లలో కరగవు అనుకోండి, కరిగినా లెక్కలోకి రానంత. సన్నటి బంకమట్టికి, కుళ్లిన ఆకు అలమకి, కొవ్వుకి అతుక్కుంటాయి. వానకు పొలం మట్టి కోసుకుపోతే దాన్ని పట్టుకుని కాలువలోకి వస్తాయి, నీళ్లు నిదానించిన చోట మట్టితో పాటే అడుగుకు దిగిపోతాయి. కాబట్టి పైన నీళ్లు తేటగా ఉన్నాయంటే అడుగున ఏమీ లేదని కాదు. ఇసుకలో తక్కువ ఉంటుంది, వేళ్లకు జిగటగా తగిలే నల్ల ఒండ్రులో ఎక్కువ. మీరు ఏ సారం చూసి ఆ ఒండ్రు తోలుకుంటున్నారో, మందు కూడా ఆ సారాన్నే పట్టుకుని కూర్చుంటుంది!

శ్రోత: ఆ మందులు ఆపేసి చాలా ఏళ్లయింది కదా మేడం?

మేడం: అయింది. పొలాల్లో డీడీటీ 1989లో ఆగింది, బీహెచ్‌సీ 1997లో, ఎండోసల్ఫాన్ అనే ఇంకో పురుగుమందును 2011లో సుప్రీంకోర్టు ఆపింది. కాకపోతే దోమల కోసం ఇళ్ల గోడలకు డీడీటీ ఆ తర్వాత కూడా కొట్టారు. నేలలో డీడీటీ సగానికి తగ్గడానికే 2 నుంచి 15 ఏళ్లు పడుతుంది, తగ్గిందనుకున్నదాంట్లో చాలా భాగం డీడీఈ అనే ఇంకో రూపంలోకి మారుతుంది, అది కూడా మొండిదే. దీంట్లో మనకు పనికొచ్చే గుర్తు ఒకటుంది. రిపోర్టులో డీడీఈ ఎక్కువ, డీడీటీ తక్కువ ఉంటే అది పాత సరుకు. డీడీటీయే ఎక్కువుంటే ఈమధ్యే ఎక్కడి నుంచో వచ్చి పడుతోందని అనుమానించాలి.

శ్రోత: సాయిల్ హెల్త్ కార్డులో రాయలేదే అవన్నీ?

మేడం: రాయరు. దాంట్లో చూసేవి 12, నత్రజని, భాస్వరం, జింకు, ఉదజని సూచిక ఇట్లాంటివి. మందు అవశేషాలకు గ్యాస్ క్రొమటోగ్రఫీ, అంటే మందుల్ని విడదీసి కొలిచే యంత్రం ఉండే ల్యాబు కావాలి, ఖర్చు ఎక్కువ, ఒక్కరు పెట్టుకోవద్దు, మట్టి తోలుకునే పది మంది కలిసి చేయించండి. ఒక్కచోట తవ్వి ఇస్తే లాభం లేదు, తూము దగ్గర, మలుపు దగ్గర, మధ్యలో తీసి కలపండి, ప్లాస్టిక్ కవరు కాకుండా గాజు సీసాలో పెట్టి పంపండి. రిపోర్టు వచ్చేదాకా ఆ మట్టిని గట్టు మీద ఓ పక్కన కుప్ప పోయించండి. ఈలోపే తోలేసి ఉంటే మొదటి పంటగా గుమ్మడి, క్యారెట్, వేరుశనగ మాత్రం వెయ్యకండి. గుమ్మడి జాతి ఈ మందుల్ని వేళ్లతో బాగా లాగుతుంది, వేరుశనగ కాయేమో నూనెతో మట్టిలోనే ఊరుతుంది.

శ్రోత: అడ్వాన్సు సంగతి మా ట్రాక్టరాయనకు మీరే చెప్పాల మేడం.

ప్రయోక్త: (నవ్వుతూ) అది మీ ఇద్దరి మధ్యే తేల్చుకోండన్నా. ఇంకో కాల్. హలో అక్కా?

శ్రోత: కమలాపురం సార్. మా అల్లుడిది నెల్లూరు, వచ్చినప్పుడల్లా సముద్రం చేపలు తెస్తాడు. మన పెన్న ఆ వైపే పోతుంది కదా, మన మందులన్నీ అక్కడికే పోతాయా మేడం?

మేడం: కొంత పోతుందమ్మా. దారిలో మైలవరం, సోమశిల లాంటి డ్యాములు చాలా మట్టిని ఆపుకుంటాయి, మిగిలింది వరదకు పోతుంది. ఉప్పునీళ్లు తగలగానే ఆ సన్న మట్టి ముద్దకట్టి నది ముఖం దగ్గరే దిగుతుంది, కాబట్టి తీరం బురదలో పై ఊళ్ల మందులన్నీ కొంచెం కొంచెం చేరతాయి. అట్లాగని చేపలు మానేయొద్దు. ఉడికిస్తే మందు పోతుందని మాత్రం అనుకోవద్దు, పోదు. అది కొవ్వులో ఉంటుంది కాబట్టి పొట్ట కొవ్వు, పేగులు, తోలు తీసేయండి. బురదలో తిరిగే జెల్లలు, బాగా ముదిరిన పెద్ద చేపలు వారం వారం కాకుండా అప్పుడప్పుడు తినండి.

ప్రయోక్త: టైమ్ అయిపోతోంది, చివరి కాల్. అనంతపురం నుంచి.

శ్రోత: తాడిపత్రి దగ్గర నుంచి సార్. మా తాత శనక్కాయకు గొంగళి పురుగు పడితే చల్లే బీహెచ్‌సీ పొడి, అరసంచి మిగిలిపోయి ఇంట్లోనే ఉంది. చీమలకు చల్లుకుంటుంటాం. వంకలో పారేద్దామా?

మేడం: వంకలో వద్దు, పూడ్చొద్దు, కాల్చొద్దు! బీహెచ్‌సీ అంటే కొన్ని రకాల మిశ్రమం, అందులో పురుగును చంపే గామా రకం 15 శాతం దాకానే, మిగతావి పురుగు మీద పెద్దగా పనిచేయవు, వాటిలో బీటా అనే రకం అన్నిటికంటే ఎక్కువ కాలం ఉంటుంది. చీమలకు చల్లడం ఈ రోజే ఆపండి. చేతికి గ్లవుజులు, మూతికి గుడ్డ కట్టుకుని సంచిని అట్లాగే మూతున్న డ్రమ్ములో పెట్టి, పైన పేరు రాసి, మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఇంతకీ ఇప్పుడు ఎక్కడ పెట్టారు దాన్ని?

శ్రోత: అటక మీద మేడం. పక్కనే వడ్లు, శనగ విత్తనాల మూటలు ఉన్నాయి.

మేడం: అయితే ఫోన్ పెట్టేయండి, ముందు ఆ మూటలు దించండి.