మాంట్రియల్‌లో జాకీ రాబిన్సన్

శ్రోతలకు నమస్కారం.

నల్లజాతి అమెరికన్ బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్ కథను అందరూ 1947 ఏప్రిల్ 15 దగ్గర మొదలుపెడతారు. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో దశాబ్దాలుగా నల్లజాతి ఆటగాళ్లపై సాగిన నిషేధం ఆ రోజే, అతను బ్రూక్లిన్‌లో బరిలోకి దిగడంతో బద్దలైంది. కానీ దానికి ముందటి ఏడాది అతను తడబడి ఉంటే, ఆ రోజు వచ్చేదే కాదని నా నమ్మకం.

1919లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి ఇల్లు విడిచిపోతే తల్లి మాలీ ఐదుగురు పిల్లలతో కాలిఫోర్నియా చేరి, పరుల ఇళ్లలో పనిచేసి పెంచింది. సైన్యంలో ఉండగా 1944లో నల్లవాడని బస్సులో వెనక్కి వెళ్లి కూర్చోమంటే ససేమిరా అన్నాడు. సైనిక న్యాయస్థానం దాకా వెళ్లి నిర్దోషిగా బయటపడ్డాడు. అంతటి రోషగాడి దగ్గర, ఎవరెంత తిట్టినా తిరగబడనని మాట తీసుకున్నాడు మేజర్ లీగ్ జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ అధినేత బ్రాంచ్ రికీ. ముందుగా కెనడాలో ఉన్న, కింది స్థాయి లీగ్‌లో ఆడే తమ అనుబంధ జట్టు మాంట్రియల్ రాయల్స్‌కు పంపాడు.

ఫ్లోరిడా శిక్షణలో చేయి నొప్పిపెట్టింది. ఈ ఆటలో పరుగు తీసేవాడు నాలుగు మూలల్లో ఉన్న బేస్‌లను వరుసగా తాకాలి. రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడి దూరం విసరాల్సిన షార్ట్‌స్టాప్ స్థానం వదిలి, రెండో మూల కాసే సెకండ్ బేస్‌కు మారాడు. అక్కడ పని ఎంత ప్రమాదమో చెప్పాలి. ఇద్దరు ప్రత్యర్థులను ఒకేసారి ఔట్ చేయాలంటే, సహచరుడు విసిరిన బంతి అందుకుని, కాలితో బేస్ తాకి, గిరుక్కున తిరిగి ఫస్ట్ బేస్‌కు విసరాలి. సరిగ్గా అదే క్షణంలో ప్రత్యర్థి ముళ్ల బూట్లతో నేలమీద జారుతూ కాళ్లమీదకు వస్తాడు. కావాలని గాయపరిచేవాళ్లూ ఉంటారు. జాకీ తిరగబడకూడదు!

1946 ఏప్రిల్ 18, జెర్సీ సిటీ. తొలి మ్యాచ్‌లో నాలుగు హిట్లు, అంటే బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరడం. అందులో ఒకే దెబ్బకు అన్ని బేస్‌లూ చుట్టేసే హోమ్ రన్ ఒకటి, దాంతో జట్టుకు మూడు పరుగులు. రెండు బేస్‌ల దొంగతనం కూడా, అంటే సహచరుడు బంతి కొట్టకముందే తదుపరి బేస్‌కు దౌడు తీయడం. మాంట్రియల్ 14-1తో గెలిచింది.

మాంట్రియల్‌లో జాకీ, భార్య రేచెల్ హాయిగా అద్దె ఇంట్లో ఉన్నారు. గర్భిణి అయిన రేచెల్‌కు ఇరుగుపొరుగువారు తమ రేషన్ కూపన్లు తెచ్చి ఇచ్చారు. ఆ సీజన్‌లో జాకీ .349 బ్యాటింగ్ సగటుతో, అంటే దాదాపు ప్రతి మూడు ప్రయత్నాలకు ఒక హిట్‌తో, లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచాడు. ఫైనల్స్‌లో ప్రత్యర్థి జట్టు ఊరైన, అమెరికాలోని లూయీవిల్ ప్రేక్షకులు అతన్ని దారుణంగా హేళన చేశారు. మాంట్రియల్ జనం ఊరుకుంటారా? తమ ఊరికి వచ్చిన లూయీవిల్ ఆటగాళ్లను అంతకంతా ఎద్దేవా చేశారు. కప్పు గెలిచిన రోజు జాకీని భుజాలమీద ఊరేగించి, తర్వాత వీధుల్లో ప్రేమతో వెంటపడి పరుగెత్తారు.

మరుసటి ఏడాది బ్రూక్లిన్ అతన్ని అలవాటు లేని ఫస్ట్ బేస్‌లో నిలబెట్టింది. సీజన్ ముగిసేసరికి ఉత్తమ కొత్త ఆటగాడి పురస్కారం అతనికే దక్కింది.