చలి రోజుల్లో గుర్రానికి ఏం కావాలి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పని ఆపుకుని, ఇంత పొద్దున్నే, ఈ మంచులో బెంగళూరు శివారు ఎలహంక దాటి ఇంత దూరం వచ్చినందుకు సంతోషం. హిందూపురం, మడకశిర, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి లాయాల్లో పని చేస్తున్నవాళ్ళు ఉన్నారు, పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పేవాళ్ళు ఉన్నారు, రైడింగ్ నేర్చుకుని ఇష్టం కొద్దీ సొంతంగా ఒక గుర్రం కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు కూడా ఉన్నారు. అందుకని మందుల పేర్లు, లాటిన్ పేర్లు పక్కన పెట్టి, రేపు పొద్దున లాయంలోకి అడుగు పెట్టగానే ఏం చెయ్యాలో అది మాట్లాడతాను.

చలి ముదిరిందంటే నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకేలా ఉంటాయి. సార్, రెండు రగ్గులు వేశాం, కిటికీలకు గోనెపట్టాలు కొట్టాం, రాత్రి కుంపటి పెట్టాం, ఉలవలు పెంచాం, అయినా గుర్రం డల్‌గా ఉంది అంటారు. ఇంత చేసిన మనిషికి గుర్రం మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. కానీ ఆ ఫోన్లో నేను అడిగే మొదటి ప్రశ్న, నిన్న ఎన్ని బకెట్ల నీళ్ళు తాగింది అని. చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు. ఈ రోజు నేను చెప్పాలనుకున్నది దాదాపు అంతా అక్కడే ఉంది.

ముందు మన ఊరి చలి ఎంతో చూద్దాం. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, జనవరి తెల్లవారుజామున సగటున 15, 16 డిగ్రీలు ఉంటుంది, గట్టి చలి పడిన ఏడు 12 దాకా దిగుతుంది, దొడ్డబళ్ళాపుర, చిక్కబళ్ళాపుర వైపు ఇంకొంచెం తక్కువ. ఈ నగరంలో రికార్డుల్లో ఉన్న అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అది 1884 జనవరి 13న. ఇప్పుడు గుర్రం వైపు నుంచి చూడండి. పలచటి వెంట్రుకలే ఉన్నా సరే, ఎదిగిన, ఆరోగ్యంగా ఉన్న గుర్రం ఒళ్ళు పొడిగా ఉండి, ముందు గడ్డి ఉంటే, సుమారు 5 డిగ్రీల దాకా పెద్దగా కష్టపడకుండానే ఒంటి వేడి నిలుపుకుంటుంది. చలికాలపు బొచ్చు దట్టంగా పెరిగిన చలిదేశాల గుర్రాలైతే సున్నాకు పది డిగ్రీలు కింద కూడా తట్టుకుంటాయి, లడఖ్‌లో జన్‌స్కారీ గుర్రాలు అంతకంటే ఘోరమైన చలిలో బరువులు మోస్తాయి. అంటే నూట నలభై ఏళ్ళ కిందటి ఆ రికార్డు రాత్రి కూడా, పొడిగా ఉండి కడుపు నిండిన గుర్రానికి ప్రాణం మీదికి వచ్చే రాత్రి కాదు.

అయితే మన గుర్రాలకు ఒక లోటు ఉంది, అది ఒప్పుకోవాలి. గుర్రానికి చలికాలపు బొచ్చు ముఖ్యంగా పగటి పొడుగును బట్టి పెరుగుతుంది. పగలు కురచ అవుతుంటే ఒళ్ళు చలికి సిద్ధమవుతుంది. ఉత్తరాదిలో ఎండాకాలం పగటికీ చలికాలం పగటికీ మూడున్నర గంటల తేడా ఉంటే, బెంగళూరులో గంటన్నరే. అందుకని ఇక్కడ గుర్రాలకు బొచ్చు అంతంత మాత్రంగానే వస్తుంది, థరోబ్రెడ్‌కైతే, అదే పందేల జాతి గుర్రానికి, చర్మమే పలచన, పైగా రైడింగ్ స్కూళ్ళలో క్లిప్పింగ్ చేస్తారు, అంటే వెంట్రుకలు కత్తిరించేస్తారు. కాబట్టి మన దగ్గర ఐదారు డిగ్రీలు హఠాత్తుగా పడిపోతే గుర్రానికి అది తెలుస్తుంది. తెలిసినప్పుడు అది తట్టుకోవడానికి ఏం వాడుకుంటుందో అదే మనం అందించాలి.

గుర్రానికి చలికాచుకునే పొయ్యి దాని కడుపులోనే ఉంది, అందులో కట్టెలు గడ్డే. పెద్దపేగు మొదట్లో సీకమ్ అనే సంచి ఉంటుంది, 30 లీటర్ల దాకా పడుతుంది, దాని తర్వాత పెద్దపేగు ఇంకా పెద్దది. గడ్డిలోని పీచు అక్కడికి వెళ్ళి, కోట్లకొద్దీ సూక్ష్మజీవుల వల్ల గంటల తరబడి పులుస్తుంది, ఆ పులియడంలో వేడి పుడుతుంది. ఓట్స్, బార్లీ లాంటి గింజల్లో పిండిపదార్థం ఎక్కువ, అది చాలావరకు చిన్నపేగులోనే అరిగిపోతుంది, అందుకే అంత వేడి ఇవ్వదు. ఉలవలు వేడి చేస్తాయని మన ఇళ్ళలో నమ్మకం, ఉలవచారు తాగి పెరిగినవాళ్ళం కాబట్టి గుర్రానికి కూడా చలి రాగానే గుగ్గిళ్ళు రెట్టింపు చేస్తాం. రోజూ పెట్టే కొలత పెట్టండి, దానికి నేను అడ్డు చెప్పను. కానీ దాణా ఒక్కసారిగా పెంచితే, అరగని పిండి పెద్దపేగులోకి జారి అక్కడి సూక్ష్మజీవుల్ని తారుమారు చేస్తుంది. కడుపునొప్పి రావచ్చు, గిట్టల లోపల వాపు వచ్చి గుర్రం అడుగు తీసి అడుగు వెయ్యలేకపోవచ్చు. చలికి పెంచాల్సింది గడ్డి.

ఎంత గడ్డి? ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు కిలోల ఎండుగడ్డి, చలి ముదిరిన రోజుల్లో రెండుకు తగ్గకూడదు. బరువు తెలుసుకోవడానికి కాటా అక్కర్లేదు, టైలర్ దగ్గర ఉండే టేపు చాలు. ముందుకాళ్ళ వెనకగా ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకోండి, దాన్ని దానితోనే గుణించండి, దాన్ని మళ్ళీ భుజం మొన నుంచి పిరుదు మొన దాకా ఉన్న పొడుగుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. ఛాతీ 160, పొడుగు 150 ఉన్న గుర్రం దగ్గర దగ్గర 323 కిలోలు. దానికి రోజుకు ఆరున్నర కిలోల గడ్డి కావాలి, అందులో పెద్ద వాటా రాత్రికి పెట్టండి, ఎందుకంటే చలి రాత్రి రెండు గంటల నుంచి పొద్దు పొడిచే దాకానే గట్టిగా ఉంటుంది, చాలా లాయాల్లో సరిగ్గా ఆ సమయానికే తొట్టి ఖాళీగా ఉంటుంది. మన దగ్గర చౌకగా దొరికేది వరిగడ్డి, రాగిగడ్డి. వాటిలో బలం తక్కువ, కాబట్టి కొంత లూసర్న్ అనే పశుగ్రాసం, అదే ఇక్కడి రైతులు కుదురె మసాలె అంటారు కదా, అది కలపండి. ఏది మార్చినా వారం పది రోజులు తీసుకుని మెల్లగా మార్చండి.

ఇక నీళ్ళు. ఈ ఒక్క విషయం మీద నేను గంటసేపు మాట్లాడగలను, ఎందుకంటే చలికాలంలో నేను చూసే కడుపునొప్పుల్లో చాలావాటికి మూలం ఇదే. పచ్చగడ్డిలో నూటికి 75, 80 పాళ్ళు నీళ్ళే, ఎండుగడ్డిలో పది, పదిహేను పాళ్ళే. చలికాలంలో మనం పచ్చగడ్డి తగ్గించి ఎండుగడ్డి పెంచుతాం, అంటే గుర్రం బకెట్లోంచి ఎక్కువ తాగాలి. కానీ చల్లగా ఉన్న నీళ్ళు దానికి నచ్చవు, దాహం కూడా అంతగా వెయ్యదు, అందుకని తక్కువ తాగుతుంది. పెద్దపేగులో గడ్డి ముద్ద ఎండిపోయి, పేగు మలుపు తిరిగి ఇరుకయ్యే చోట ఇరుక్కుంటుంది. మూడు రోజుల తర్వాత గుర్రం తిండి మానేసి డొక్క వైపు తిరిగి తిరిగి చూస్తుంటే, మనం దానికి చలి తగిలింది అనుకుని ఇంకో రగ్గు కప్పుతాం.

మామూలు గుర్రం రోజుకు 20 నుంచి 30 లీటర్లు తాగాలి. పైపుతో సిమెంటు తొట్టి నింపి వదిలేస్తే ఎంత తాగిందో మీకు తెలియదు, కనీసం ఈ రెండు నెలలైనా బకెట్లలో పెట్టి లెక్క చూడండి. రాత్రంతా తొట్టిలో చల్లబడిన నీళ్ళు పొద్దున పారబోసి గోరువెచ్చటి నీళ్ళు పెట్టండి. బోరు ఉన్నవాళ్ళకు ఇది ఇంకా తేలిక, అప్పుడే పంపు వేసి తీసిన బోరు నీళ్ళు తెల్లవారుజామున బయటి గాలి కంటే వెచ్చగానే ఉంటాయి. ట్యాంకర్ నీళ్ళ మీద బతికేవాళ్ళు ఒక బిందెడు కాచి కలపాలి, శ్రమే, కానీ ఆపరేషన్ దాకా వెళ్ళే కడుపునొప్పి ముందు ఆ గ్యాస్ ఖర్చు ఏపాటిది? దాంతో పాటు రోజుకు 25, 30 గ్రాముల ఉప్పు దాణాలో కలపండి, ఉప్పు తింటే నీళ్ళు తాగుతుంది. నీళ్ళు ఎప్పుడూ ముందు ఉండేలా చూసుకుని మాత్రమే ఉప్పు పెట్టాలి.

లాయం మూసెయ్యడం గురించి. గుర్రం ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది, మనలా నోటితో తీసుకోలేదు. తలుపులూ కిటికీలూ బిగించేసిన గదిలో మూత్రం నుంచి అమోనియా, గడ్డి నుంచి దుమ్ము, బూజు, కుంపటి నుంచి పొగ, అన్నీ ఆ ముక్కులోకే వెళ్ళాలి. పొద్దున తలుపు తియ్యగానే మీ కళ్ళు మండితే ఆ గుర్రానికి రాత్రి ఎలా గడిచిందో ఆలోచించండి. నిలబడి వాసన చూస్తే సరిపోదు, కింద గడ్డి మీద కూర్చుని చూడండి, అది పడుకున్నప్పుడు దాని ముక్కు ఉండేది అక్కడే. ఇక్కడ చలికాలం గాలి తూర్పు నుంచీ ఈశాన్యం నుంచీ వస్తుంది, ఆ వైపు గుర్రం వీపు ఎత్తు దాకా తార్పాలిన్ కట్టి, పైన కప్పు కింద మూరెడు జాగా వదలండి. ఒంటికి నేరుగా గాలి కొట్టకూడదు, లోపలి గాలి పైనుంచి బయటికి పోతుండాలి. కుంపటి మాత్రం వద్దే వద్దు. పొగ ఒక ఎత్తు, ఎండుగడ్డి మధ్య నిప్పు ఇంకో ఎత్తు, కట్టేసి ఉన్న జంతువు పారిపోలేదు.

రగ్గు వెయ్యకూడదని నేను అనను. ముసలి గుర్రానికి, బక్కచిక్కినదానికి, జబ్బు నుంచి లేచినదానికి, క్లిప్ చేసినదానికి వెయ్యండి. రోజుల పిల్ల ఉంటే దాని లెక్కే వేరు, దానికి సుమారు 20 డిగ్రీల దగ్గరే చలి మొదలవుతుంది. కానీ ఆరోగ్యంగా ఉన్న గుర్రం వెంట్రుకలు చలికి నిక్కబొడుచుకుని మధ్యలో గాలిని పట్టి ఉంచుతాయి, అదే దాని రగ్గు, బరువైన దుప్పటి వేస్తే అవి అణిగిపోతాయి. మన ఊళ్ళో ఇంకో చిక్కు, పొద్దున 13 డిగ్రీలు ఉంటే మధ్యాహ్నానికి 27 అవుతుంది. రాత్రి వేసిన రగ్గు ఎనిమిదింటికల్లా తియ్యకపోతే లోపల చెమట పట్టి, సాయంత్రం ఆ తడితోనే మళ్ళీ చలిలోకి వెళ్తుంది. రగ్గు కింద భుజం వెనక చెయ్యి పెట్టి చూడండి, తేమ తగిలితే అది ఎక్కువైనట్టు. చెవులు చల్లగా ఉన్నంత మాత్రాన టెన్షన్ పడకండి. వణుకుతూ, తోక కాళ్ళ మధ్య నొక్కుకుని, గాలికి వీపు పెట్టి ముడుచుకుని నిలబడితే అప్పుడు నిజంగా చలేస్తోందని అర్థం.

అన్నిటికంటే నేను భయపడేది తడి. ఆకాశం నిర్మలంగా ఉండి 12 డిగ్రీలు పడిన రాత్రి కంటే, నవంబరు డిసెంబరుల్లో బంగాళాఖాతంలో తుపాను పట్టి ఇక్కడ రెండు రోజులు సన్నగా జల్లు కురుస్తుంది చూడండి, 17, 18 డిగ్రీల ఆ ముసురే గుర్రానికి ఎక్కువ చెడ్డది. తడిస్తే వెంట్రుకల మధ్య గాలి పోతుంది, దాని మీద ఈదురుగాలి కొడితే ఒంట్లో వేడి మొత్తం లాగేస్తుంది. పెళ్ళి గుర్రాలవాళ్ళు ఇది దయచేసి మనసు పెట్టి వినండి. ధనుర్మాసం రాకముందు, మార్గశిరంలో, మీకు రోజూ రాత్రి బారాత్ ఉంటుంది. బ్యాండు, టపాసులు, లైట్లు, ఆ అదురుకే గుర్రానికి చెమట పోస్తుంది, జరీ గుడ్డ కింద వీపు మొత్తం తడి. వరుడు దిగిపోయాక మీరు డబ్బుల కోసం మండపం ముందు గంటసేపు నిలబడతారు, ఆ చెమట ఒంటితో అది రోడ్డు పక్కన గాలికి నిలబడుతుంది, తర్వాత ఓపెన్ టెంపోలో ఇంటికి. ఆ గంటలోనే జబ్బు మొదలవుతుంది. దిగిన వెంటనే జీను, జరీ గుడ్డ తీసెయ్యండి, గోనెపట్టాతోనో ఎండుగడ్డి పిడికిలితోనో వెంట్రుకలకు ఎదురుగా బాగా రుద్దండి, ఒక పలచటి నూలు దుప్పటి వేసి నడిపిస్తూ ఉండండి, అది తేమ పీల్చుకుంటే తీసి పొడిది వెయ్యండి. తడి ఒంటి మీద ప్లాస్టిక్ పట్టా మాత్రం కప్పకండి. ఇద్దరు వెళ్ళండి, ఒకరు డబ్బుల దగ్గర, ఒకరు గుర్రం దగ్గర. నీళ్ళు కొంచెం కొంచెంగా తాగనివ్వండి, దాణా మాత్రం గుర్రం ఒళ్ళు పూర్తిగా చల్లబడ్డాకే. టెంపోలో ముందు వైపు తార్పాలిన్ కట్టడం కూడా మర్చిపోవద్దు.

బ్రాందీ పొయ్యవచ్చా అని అడుగుతుంటారు. వద్దు. మందు పడితే చర్మం దగ్గరి రక్తనాళాలు తెరుచుకుని ఉన్న వేడి బయటికి పోతుంది, పైగా సీసాతో గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం.

ముసలి గుర్రాల సంగతి ఒక్క మాట. గడ్డి నమిలి ముద్దలుగా కింద ఉమ్మేస్తుంటే పళ్ళు అరిగిపోయాయని గుర్తు, దానికి ఎంత గడ్డి వేసినా కడుపులోకి వెళ్ళదు, సన్నగా తరిగి నానబెట్టి పెట్టాలి. చలికి వెంట్రుకలు లేచి ఉన్నప్పుడు బక్కచిక్కినా కంటికి తెలియదు, అందుకని వారానికోసారి పక్కటెముకల మీద వేళ్ళు ఆనించి తడమండి. కంటికి కనబడకుండా చేతికి తేలిగ్గా తగిలితే బాగున్నట్టు.

చివరగా, కడుపునొప్పి వచ్చిందని అనుమానం వస్తే. ముందుకాలితో నేల తవ్వడం, డొక్క చూసుకోవడం, పడుకుని లేచి మళ్ళీ పడుకోవడం, లద్దె తగ్గడం, చిన్నగా గట్టిగా ఉండలు కట్టడం, వీటిలో ఏది చూసినా తిండి తీసెయ్యండి, నీళ్ళు ఉంచండి, డాక్టర్‌కు ఫోన్ చెయ్యండి. నూనె, సోడా, కషాయం ఏదీ సీసాతో పట్టకండి. పొర్లుతుంటే, మీకు దెబ్బ తగలకుండా చూసుకుంటూ, మెల్లగా నడిపించండి. ఫోన్లో మీరు మూడు అంకెలు చెప్తే సగం పని అయిపోతుంది. ఒంటి వేడి 37.5 నుంచి 38.5 మధ్య ఉండాలి, నాడి నిమిషానికి 28 నుంచి 44, ఊపిరి 8 నుంచి 16. నాడి 60 దాటితే పొద్దున దాకా ఆగొద్దు, అర్ధరాత్రైనా డాక్టర్‌ను లేపండి.

నాడి దవడ కింద పట్టుకోవాలి, మాటలతో చెప్తే రాదు. బయట తెల్ల గుర్రం, ముసలి గుర్రం రెండూ కట్టి ఉన్నాయి, థర్మామీటర్లు తెచ్చాను, రండి, ఒక్కొక్కరూ చేత్తో పట్టి చూద్దురు గాని.