ఈ నాటకం దేని గురించి?

అందరికీ నమస్కారం.

నిన్న సాయంత్రం మీలో ఒకమ్మాయి నన్నొక మాట అడిగింది. "సార్, సంగీత నాటకానికి పాటలు ముందు రాసుకోవాలా, కథ ముందు రాసుకోవాలా?" అని. అప్పటికప్పుడు ఏదో చెప్పాను గానీ, అది నాకే తృప్తిగా లేదు. అందుకని ఇవాళ ఒక నాటకం ఎలా తయారైందో చెబుతాను.

ఆ నాటకం పేరు ఫిడ్లర్ ఆన్ ది రూఫ్. 1964లో న్యూయార్క్‌లో మొదలైంది. తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో రాసిన షోలెం అలైకెమ్ కథలు దానికి ఆధారం. మాటలు జోసెఫ్ స్టీన్, పాటలు షెల్డన్ హార్నిక్, బాణీలు జెర్రీ బాక్. జార్ చక్రవర్తుల కాలపు రష్యాలో ఒక చిన్న యూదుల పల్లె. అక్కడ పాలు అమ్ముకునే టెవ్యేకి ఐదుగురు ఆడపిల్లలు. పెళ్లిళ్ల పేరమ్మ తెచ్చిన సంబంధం వద్దని పెద్దమ్మాయి పేద దర్జీని చేసుకుంటుంది. రెండో అమ్మాయి విప్లవకారుణ్ణి ప్రేమించి, అతని కోసం సైబీరియా బయల్దేరుతుంది. మూడో అమ్మాయి మతం బయట పెళ్లాడుతుంది. చివరికి సర్కారు ఊరు మొత్తాన్ని ఖాళీ చేసి పొమ్మంటుంది.

దర్శకుడు జెరోమ్ రాబిన్స్. ఆయన వచ్చిన దగ్గర్నుంచీ రచయితలని ఒకటే ప్రశ్న అడిగాడు: "ఈ నాటకం దేని గురించి?" పాలవాడి గురించి, అతని కూతుళ్ల పెళ్లిళ్ల గురించి అన్నారు వాళ్లు. ఆయన ఒప్పుకోలేదు. కూర్చున్న ప్రతిసారీ మళ్లీ అదే ప్రశ్న. చివరికి ఒకరు, తరతరాలుగా వస్తున్న ఒక బతుకు తీరు చెదిరిపోవడం గురించి, సంప్రదాయం గురించి అన్నారు. అయితే దాన్నే మొదటి పాటగా రాయమన్నాడు రాబిన్స్. అప్పటిదాకా నాటకం సబ్బాతు కోసం, అంటే యూదుల వారపు విశ్రాంతి రోజు కోసం, ఇంట్లో జరిగే హడావుడి పాటతో మొదలయ్యేది. దాన్ని పక్కన పెట్టి 'ట్రెడిషన్', అంటే సంప్రదాయం, అనే పాట రాశారు. ఊరివాళ్లంతా వలయంగా నిలబడతారు. తండ్రుల పని ఏమిటి, తల్లుల పని ఏమిటి, పిల్లల పని ఏమిటి, ఎవరి వంతు వాళ్లు పాడతారు. నాటకం చివర అదే వలయం ఒక్కొక్కరుగా విడిపోతుంది. ఎవరూ ఏమీ వివరించరు. మొదట్లో ఆ వలయాన్ని చూసినవాళ్లకి చివర్లో గొంతు పట్టేస్తుంది.

న్యూయార్క్‌లో ఆడే ముందు వేరే ఊళ్లలో ఆడి, రోజూ మార్పులు చేసుకోవడం అక్కడి పద్ధతి. ట్రయవుట్ అంటారు. ఈ నాటకం ఆ ఏడాది వేసవిలో ముందు డెట్రాయిట్‌కి, తర్వాత వాషింగ్టన్‌కి వెళ్లింది. దర్జీ కొత్త కుట్టుమిషన్ వచ్చిన ఆనందంలో పాడే పాట ఒకటి ఉండేది. అంతకుముందు విన్నవాళ్లందరికీ తెగ నచ్చింది. డెట్రాయిట్‌లో పాడితే హాల్లో చప్పట్లే లేవు. పాటలో లోపం లేదు. కాకపోతే ఆ జంటకి అప్పటికే పెళ్లయిపోయింది, వాళ్ల గురించి తెలుసుకోవాల్సిన కొత్త సంగతి ప్రేక్షకుడికి ఏమీ మిగల్లేదు. ఆ పాట తీసేశారు.

నాకూ ఇలాంటిది జరిగింది. మేము ఒక నాటకం వేసినప్పుడు, రెండో రంగంలో నేను ప్రాణం పెట్టి రాసిన పాట ఒకటి ఉంది. రిహార్సల్లో హార్మోనియం వాయించే పెద్దాయన కళ్లు తుడుచుకునేవారు. ప్రదర్శన రోజు రెండో చరణం దగ్గర ఇనుప కుర్చీలు కిర్రుమనడం వినిపించింది. తర్వాత ఒక దగ్గు, ఇంకో దగ్గు. వెనక వరసల్లో నలుగురు టీకి లేచారు. నేను ఆ పాట తీయలేదు. తీయకపోవడం నా తప్పు. ఇన్నేళ్లయినా ఆ కుర్చీల చప్పుడు నా చెవుల్లో ఉంది.

మన పద్య నాటకం సంగతి వేరు. రాయబారం సీన్లో కృష్ణుడు రాగం తీస్తే వన్స్‌మోర్ అంటారు, ఆయన మళ్లీ పాడతాడు, కథ అంతసేపూ ఆగుతుంది. భారతం అందరికీ తెలుసు కాబట్టి అది చెల్లుతుంది, అందులో గొప్ప అందమూ ఉంది. కొత్త కథ తెచ్చినవాళ్లకి ఆ వెసులుబాటు లేదు. పాట మొదలైనప్పుడు ఉన్న మనిషి, పాట అయ్యేసరికి కాస్తయినా మారి ఉండాలి.

డెట్రాయిట్‌లో ఉన్నప్పుడే హార్నిక్ ఇంకో పాట రాశాడు. కూతుళ్లు ప్రేమించి పెళ్లిళ్లు చేసుకుంటుంటే టెవ్యేకి తన పెళ్లి గుర్తొస్తుంది. పెద్దలు కుదిర్చిన పెళ్లి, పెళ్లిరోజున మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారు. ఇరవై అయిదేళ్ల తర్వాత భార్య గోల్డేని అడుగుతాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని. ఆవిడ విసుక్కుంటుంది. నీ బట్టలుతికాను, వండి పెట్టాను, పిల్లల్ని కన్నాను, ఆవు పాలు పితికాను, ఇప్పుడు ఇదేం ప్రశ్న అంటుంది. అతను వదలడు. ఆవిడ ఆలోచిస్తుంది. ఇదంతా ప్రేమ కాకపోతే మరి ప్రేమంటే ఏంటి అని తనకి తనే చెప్పుకుంటుంది. హార్నిక్ దీన్ని మామూలు సంభాషణలా రాసి ఇస్తే, బాక్ దానికే బాణీ కట్టాడు. ఒక రాత్రి హాలు వెనక నిలబడి వింటుంటే హార్నిక్‌కి ఏడుపొచ్చిందట. అది తన అమ్మానాన్నల గురించేనని అప్పుడు తెలిసిందట. మన ఇళ్లలో ఎంతమంది నాన్నలు ఆ ప్రశ్న అడగకుండానే వెళ్లిపోయారు! నేను ఆ పాట విన్నప్పుడల్లా మా అమ్మ వంటింట్లోంచి కొంగుకి చేతులు తుడుచుకుంటూ వస్తున్నట్టే ఉంటుంది.

అసలు ఈ నాటకం యూదులు తప్ప ఎవరు చూస్తారని మొదట్లో చాలామంది భయపడ్డారు. న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్వేలో 3,242 ప్రదర్శనలు ఆడింది. 1967లో టోక్యోలో వేసినప్పుడు అక్కడి నిర్మాత స్టీన్‌ని అడిగాడట, "ఈ నాటకం అమెరికాలో వాళ్లకి అర్థమవుతుందా?" అని. ఎందుకలా అడిగారంటే, "ఇది అచ్చం జపాన్ కథ కదా" అన్నాడట. రాసినవాళ్లు జపాన్‌ని మనసులో పెట్టుకుని రాయలేదు. ఆ పల్లె తిండి, ఆ ప్రార్థన, ఆ పెళ్లిలో తలమీద సీసా పెట్టుకుని చేసే నాట్యం, అన్నీ యూదుల పల్లెవే. అలాంటి పెళ్లిళ్లకి రాబిన్స్ స్వయంగా వెళ్లి చూసొచ్చాడు.

టీ తర్వాత మీరు రాసుకొచ్చిన మొదటి రంగాలు చదువుదాం. ఒక్కొక్కరినీ నేను ఆ ఒక్క ప్రశ్నే అడుగుతాను. నిన్న పాటా కథా అని అడిగిన అమ్మాయి ముందు చదవాలి.