వాసన రాని ఎపాక్సీతో జాగ్రత్త

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లోనే పడవ కట్టుకునేవాళ్లు రంపం పట్టుకున్నప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తారు. ప్లైవుడ్ అతుకులకు ఎపాక్సీ పట్టించే దగ్గరికొచ్చేసరికి ఆ జాగ్రత్త కాస్తా సడలిపోతుంది. పెద్దగా వాసన రాదు, చెయ్యి మండదు. అంటితే గుడ్డతో తుడిచేసుకుంటారు. నన్నడిగితే చిక్కంతా అక్కడే ఉంది.

ఎపాక్సీ అంటే రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు. గట్టిపడకముందు ఈ ద్రవాలు ఒంటికి పదేపదే తగులుతుంటే కొందరికి అలర్జీ పుడుతుంది. అదీ వెంటనే కాదు. నెలల తరబడి ఏమీ అనిపించదు. ఉన్నట్టుండి ఒకరోజు మణికట్టు మీద, వేళ్ల సందుల్లో దురద, ఎర్రటి పొక్కులు. కొందరికి కనురెప్పలు కూడా వాస్తాయి. ఒకసారి అలర్జీ వచ్చిందంటే మామూలుగా ఇక పోదు. ఆ తర్వాత కొద్దిగా తగిలినా తిరగబెడుతుంది. సగం కట్టిన పడవను వేరేవాళ్లకు అప్పగించాల్సిన పరిస్థితి అది.

కాబట్టి నైట్రైల్ గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. గ్లౌజుకు జిగురంటితే మార్చేయండి. అదే చేత్తో ఫోను తీసి, తలుపు గడియ పట్టుకుంటే, కాసేపటికి ఆ గడియనే ఉత్త చేత్తో పట్టుకునేది మీరో, మీ ఇంట్లో పిల్లలో. పొరపాటున చర్మానికి అంటితే పొడిగుడ్డతో తుడిచి సబ్బుతో బాగా కడగండి. థిన్నర్, అసిటోన్ జోలికి మాత్రం వెళ్లొద్దు. అవి చర్మంలోని నూనెను లాగేసి రెజిన్ లోపలికి దిగడానికి దారిస్తాయి. వెనిగర్ కూడా పనిముట్లు కడగడానికే.

త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోసేవాళ్లున్నారు. రెండింటి పాళ్లు తప్పితే ఎపాక్సీ సరిగా గట్టిపడదు, మిగిలిపోయిన రసాయనం ఒంటికి హాని. తయారీదారు చెప్పిన కొలతే కొలత.

కలిపాక అది దానంతటదే వేడెక్కుతుంది. కప్పునిండా ఉంచేస్తే ఆ వేడి బయటికి పోలేక పొగలు కక్కుతుంది, ప్లాస్టిక్ కప్పు మెత్తబడుతుంది. ఎండాకాలం మరీ తొందర: దాదాపు 10 డిగ్రీలు పెరిగితే చేతిలో ఉన్న సమయం సగమైపోతుంది. కొంచెం కొంచెంగా కలుపుకుని, వెడల్పాటి పళ్లెంలో పోసుకోండి. కప్పులోంచి పొగలొస్తున్నాయా, ఆరుబయట పెట్టి దూరంగా జరగండి. చెత్తబుట్టలో పడేశారో, అంటుకునే ప్రమాదముంది.

ఇక సాండింగ్, అంటే గరుకు కాగితంతో రుద్ది నునుపు చేయడం. మర్నాటికి గోటితో నొక్కితే గట్టిగానే ఉంటుంది కానీ, పూర్తిగా గట్టిపడటానికి రోజులు, ఒక్కోసారి వారం పైన పడుతుంది. ఈలోపు రుద్దితే లేచే దుమ్ము పచ్చి ఎపాక్సీయే. ఆగగలిగినన్ని రోజులు ఆగండి. పైన మైనంలాంటి పొర కనిపిస్తే ముందు నీళ్లతో, స్క్రబ్బరుతో కడిగేయండి. రుద్దేటప్పుడు ముక్కుకు ఎన్95 మాస్కయినా ఉండాలి. నేలమీది దుమ్మును చీపురుతో ఊడిస్తే మళ్లీ గాల్లోకే లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. ఆ పనిబట్టలను ఇంటిల్లిపాది బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి.